ఎనోకి చెట్టును తెలుగులో ‘రావి’ అనవచ్చా?

కొమ్మచాటు: టోక్యోలోని ఓజిలో డిసెంబరు 31 రాత్రి నక్కలన్నీ ఒక ఎనోకి చెట్టు కింద చేరి, మంచి బట్టలు కట్టుకుని గుడికి వెళ్తాయని పాత కథ. పిల్లల కోసం తెలుగు చేస్తున్నాను. చదివినవారు ‘ఎనోకి’ తీసేసి ‘రావి’ పెట్టమన్నారు. నాకు మనసొప్పడం లేదు.

పెరుగన్నం: ఎనోకి అంటే తెల్లగా సన్నగా ఉండే పుట్టగొడుగు కదండీ?

కొమ్మచాటు: ఆ చెట్టు మొద్దుల మీద మొలుస్తుంది కనుకే దానికా పేరు.

బడిపంతులు: రావి అనే రాయండి. ఐదో తరగతికి కథలు చదివి వినిపించేది నేను. తెలియని పేరు రాగానే పిల్లల చూపు కిటికీ వైపు పోతుంది. రావి అంటే చాలు, ఊరి పెద్ద చెట్టు, కింద దేవుడు, చీకటి పడితే భయం, అన్నీ వచ్చేస్తాయి.

కొమ్మచాటు: రావి ఆకు నున్నన. ఎనోకి ఆకు గరుకు, అంచున రంపపు పళ్లు. జపాన్ జాతీయ సీతాకోకచిలుక ఓమురసాకి గొంగళిపురుగులు ఈ జాతి ఆకులే తింటాయి. 1604లో షోగున్ (జపాన్ సైనిక పాలకుడు) ప్రభుత్వం రహదారుల వెంట దూరం తెలిసేలా సుమారు 4 కిలోమీటర్లకొక దిబ్బ వేయించి, వాటి మీద ఎక్కువగా ఎనోకినే నాటించింది. టోక్యోలోని షింజుకులో ఎనోకి-చో అనే పేట ఇప్పటికీ ఉంది. దాన్ని రావిపేట అంటారా?

బడిపంతులు: అడిగింది కథ గురించి, పేట గురించి కాదు.

గట్టుమీద: ఆ దిబ్బల మీద ‘యో నో కి’, అంటే ‘వేరే చెట్టు’ నాటమని పైవారు చెబితే, ముసలి అధికారి ‘ఎనోకి’ అని విన్నాడని అక్కడ ఒక కథ ఉంది. మరి వాళ్లకూ ఏ చెట్టయినా ఒకటే కదా!

బడిపంతులు: చూశారా!

కొమ్మచాటు: అది కథే. మీరెవరూ ఆ ఆకు ముట్టుకోలేదు. ఇక్కడి ఆఫీసులో నా పేరు నోరు తిరగడం లేదని నాకు వేరే పేరు పెట్టారు. సులువు కోసం పేరు మారిస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

బడిపంతులు: మీ బాధ వేరు. మా ఊరి పేరులో మద్ది ఉంది, ఊళ్లో మాత్రం లేదు. మొసలి వీపులా పగిలిన బెరడుతో ఉండే చివరి చెట్టును రోడ్డు వెడల్పు చేస్తూ కొట్టేశారు. అడ్డం నిలబడ్డాను. బదులుగా కోనోకార్పస్ మొక్కలు పెట్టారు. మద్ది అంటే ఏమిటని పిల్లలు అడిగితే నల్లబల్ల మీద బొమ్మ గీశాను. సొంత ఊరి చెట్టునే చూపించలేనివాణ్ని, మీ ఎనోకిని ఎక్కడి నుంచి తెచ్చి చూపించను?

కొమ్మచాటు: ఓజి చెట్టూ 1929లో రోడ్డు వెడల్పుకే పోయింది. చిత్రకారుడు హిరోషిగే 1857లో వేసిన బొమ్మలో మిగిలింది. 1993 నుంచి ఏటా ఆ రాత్రి జనం నక్క ముసుగులతో ఊరేగుతున్నారు. మీకు కోనోకార్పస్ ఇచ్చినవారు ‘చెట్టే కదా’ అనుకున్నారు. నన్ను రావి అనమనడమూ అదే.

బడిపంతులు: నన్ను వాళ్లతో కలపకండి.

పెరుగన్నం: ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

బడిపంతులు (మరునాడు): రావి అన్న మాట మీదే ఉన్నాను. అయినా అడుగుతున్నాను, ఆ గరుకు ఎలా ఉంటుంది? మన దగ్గర అలాంటి ఆకు ఏదైనా ఉందా?

కొమ్మచాటు: పారిజాతం ఆకును వేలితో రుద్ది చూడండి.

బడిపంతులు: బడి గోడ పక్కన ఉంది. సోమవారం పిల్లలతో ముట్టిస్తాను.