“ప్రాంతీయ” అంటే దేశం కన్నా చిన్నదా, పెద్దదా?

పెరంబూరు నుంచి:
అందరికీ నమస్కారం. మా చెన్నై తెలుగు సంఘం పత్రికకి ఒక వ్యాసం రాస్తున్నాను. ఐక్యరాజ్యసమితి వాళ్ళ ప్రపంచ వాతావరణ సంస్థ ఇకమీదట ఏ పనులు నెత్తిన వేసుకోవాలి, ఏవి వదిలెయ్యాలి అని ఒక్కో ఖండంలోని దేశాలని కూర్చోబెట్టి అడిగే పద్ధతి గురించి. ఇంగ్లీషులో రీజనల్ కన్సల్టేషన్ అంటారు. ‘ప్రాంతీయ సంప్రదింపులు’ అని రాస్తే, చదివిన మా ఆడపడుచు “ఎక్కడ వదినా, నుంగంబాక్కంలోనా?” అంది. సంస్థని ‘అంతర్ ప్రభుత్వ సంస్థ’ అంటే అదేదో ప్రభుత్వం లోపలి శాఖ అనుకుంది. మీరైతే ఏం రాస్తారు?

టి.నగర్ నుంచి:
పేపర్లన్నీ ప్రాంతీయ సంప్రదింపులు అనే రాస్తాయి కదమ్మా. అలవాటైన మాటని కదపడం ఎందుకు?

అంబత్తూరు నుంచి:
అలవాటైన మాటేనండీ, కాకపోతే వేరేదానికి అలవాటైంది. ప్రాంతీయ పార్టీ, ప్రాంతీయ భాష, ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం. మన చెవికి ప్రాంతీయం అంటే దేశంలో ఒక ముక్క. ఐక్యరాజ్యసమితి వాళ్ళ లెక్కలో అదే మాట దేశాన్ని మింగేసేంత పెద్దది. వాతావరణ సంస్థకి ఆరు ప్రాంతీయ సంఘాలున్నాయి: ఆఫ్రికా, ఆసియా, దక్షిణ అమెరికా, కరీబియన్‌తో కలిపి ఉత్తర–మధ్య అమెరికా, నైరుతి పసిఫిక్, ఐరోపా. మనది రెండోది. అందులో మనమూ, చైనా, జపాన్, సౌదీ అందరం ఉన్నాం. ఇక్కడ నుంగంబాక్కం కాలేజీ రోడ్డులో ఉన్నదీ ప్రాంతీయ వాతావరణ కేంద్రమే, అది దక్షిణాది రాష్ట్రాల పని చూస్తుంది. మీ వ్యాసంలో ఈ రెండు ‘ప్రాంతీయ’లూ పక్కపక్కన పడ్డాయంటే చదివేవాడి పని అయిపోయినట్టే. మీ ఆడపడుచుగారి ప్రశ్నలో తప్పేం లేదు.

రాయపురం నుంచి:
తమిళం వాళ్ళు ఆ కేంద్రాన్నే ‘మండల వానిలై ఆయ్వు మైయం’ అంటారు. తుపాను రోజుల్లో టీవీ పెడితే గంటకోసారి వినిపించే మాట. చోళమండలం, తొండమండలం అన్న పాత కొలత వాళ్ళ దగ్గర ఇంకా బతికుంది. మనకి 1985లో తాలూకాలు తీసేసి మండలాలు పెట్టాక ఆ మాట పట్టుమని పాతిక ఊళ్ళకి కుదించుకుపోయింది. ఇక్కడ పుట్టి పెరిగిన మా అబ్బాయి ఇదే తెలుగు చేస్తే ‘మండల సమావేశం’ అని రాస్తాడు. నెల్లూరులో మా బావగారు అది చదివి ఎమ్మార్వో వస్తున్నాడా అని అడుగుతారు!

టి.నగర్ నుంచి:
మండలం సరే. సార్క్‌ని ‘దక్షిణాసియా ప్రాంతీయ సహకార సంఘం’ అని ఏళ్ళ తరబడి రాస్తున్నాం. ఎవరూ తికమక పడలేదే?

అంబత్తూరు నుంచి:
ముందు దక్షిణాసియా అని ఉంది కనక పడలేదు. కొలత చెప్పేసింది ఆ మాట. అక్కడ ప్రాంతీయ తీసేసినా అర్థానికి లోటు రాదు. అమ్మా, మీరూ అదే చెయ్యండి. ఏ ఖండం సమావేశమైతే ఆ ఖండం పేరు రాసెయ్యండి. ‘ఆసియా దేశాల’ అంటే పదేళ్ళ పిల్లాడికీ తెలుస్తుంది.

కొడంబాక్కం నుంచి:
ప్రాంతీయ సంగతి తేలిందనుకుంటే, నాకు అసలు పేచీ సంప్రదింపులతో. ‘అద్దెకు ఇవ్వబడును, వివరాలకు సంప్రదించండి’ అన్న చోట అది ఫోన్ చెయ్యడం. ‘డాక్టరును సంప్రదించండి’ అన్న చోట సలహా అడగడం. ‘యుద్ధ విరమణకు సంప్రదింపులు’ అన్న చోట బేరసారాలు. ఒక్క మాట మీద ఇన్ని పనులు పెట్టాం. మామూలుగా అయితే ఊరుకునేవాణ్ణి, సందర్భాన్ని బట్టి అర్థమవుతుందిలే అని. ఇక్కడ ఊరుకోకూడదు. బేరం కుదిరితే సంతకం పెట్టాలి, సలహా అడిగితే అవసరం లేదు. ఈ సమావేశాల్లో ఎవరూ దేనికీ కట్టుబడరు. నిర్ణయం జరిగేది నాలుగేళ్ళకోసారి కూడే మహాసభలో. ఎనిమిది సాంకేతిక సంఘాలని ఎత్తేసి రెండే ఉంచింది 2019 మహాసభ. సమాచారం దేశాల మధ్య ఎలా పంచుకోవాలో 1995 నాటి తీర్మానాన్ని పక్కన పెట్టి కొత్త విధానం తెచ్చింది 2021లో కూడిన ప్రత్యేక మహాసభ. రేపు ఈ సంస్థ పాత్ర మారినా అక్కడే మారాలి. ‘ఆసియా సంప్రదింపుల్లో తీర్మానం’ అని ఎవరైనా వార్త రాస్తే, తప్పు సగం విలేకరిది, సగం ఆ మాటది.

పెరంబూరు నుంచి:
మంతనాలు అంటే?

కొడంబాక్కం నుంచి:
తలుపులు వేసుకుని చేసేవి తల్లీ అవి. మంత్రణంలోంచి వచ్చిన మాట, మంత్రి కూడా ఆ ఇంటివాడే. ఇక్కడ రహస్యమేం లేదు.

షావుకారుపేట నుంచి:
అభిప్రాయ సేకరణ అనొచ్చుగా. తెలుగునాట పల్లెల్లో కూడా తెలిసిన మాట.

రాయపురం నుంచి:
తెలుసు కనకే భయం. ఫ్యాక్టరీ వచ్చే ముందు ఊళ్ళో టెంటు వేసి ‘ప్రజాభిప్రాయ సేకరణ’ పెడతారు. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం కలెక్టరో ఆయన తరఫు అధికారో కూర్చోవాలి, జనం చెప్పింది రాసుకోవాలి. రాసుకుంటారు. ఆ మాట వినగానే మా వైపు జనం నవ్వుతారు. పైగా బ్రెగ్జిట్ ఓటింగుని కూడా పేపర్లు అదే మాటతో రాశాయి. ఒకచోట జనం మాట ఎవరూ పట్టించుకోరు, ఇంకోచోట జనం మాటే దేశాన్ని కూటమి నుంచి బయటికి లాగేసింది. అంత ఎడం ఉన్న మాట ఎందుకు?

తమిళంలో ‘కలందాయ్వు’ ఉంది చూడండి, కలిసి పరిశీలించడం. ఇంజనీరింగు సీట్ల కౌన్సెలింగుకి వాడీ వాడీ ఇప్పుడది అడ్మిషన్ల మాటగా స్థిరపడింది. మాటలకి ఇలాంటి గతి పట్టడం మన ఒక్కళ్ళ దగ్గరే కాదు.

అంబత్తూరు నుంచి:
‘సమాలోచన’ నాకు నచ్చుతుంది. కలిసి ఆలోచించడం, అంతవరకే. బేరం వాసన లేదు, టెంటూ లేదు. పేపర్లలో అప్పుడప్పుడూ కనబడుతుంది కనక మరీ పుస్తకాల మాట కాదు.

ఒక సంగతి కలపండి వ్యాసంలో. ఇరుగుపొరుగు దేశాలు కూర్చుని నిజంగా తేల్చేసే చోటు కూడా ఈ సంస్థ గొడుగు కిందే ఉంది. మన సముద్రాల తుపాన్లకి పేర్లు పెట్టే దేశాల బృందం, 1972 నుంచి ఉన్నది. 2020లో పదమూడు దేశాలు తలా పదమూడు పేర్లు ఇచ్చి 169 పేర్ల పట్టిక ఖాయం చేసుకున్నాయి. పట్టికలో పేరు పడ్డాక ఇక వరస ప్రకారం వాడుకోవడమే. మన దేశం ఇచ్చినవాటిలో ‘మురసు’ ఉంది, తమిళంలో నగారా అని. జలధి, వేగ మనకీ తెలిసిన మాటలే. 2023 డిసెంబరులో మన వీధుల్ని ముంచి, ఆనక బాపట్ల దగ్గర తీరం దాటిన తుపాను పేరు మయన్మార్ ఇచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు చూసి కొందరు మిచౌంగ్ అన్నారు, వాతావరణ శాఖ పలకమన్నది మిగ్‌జామ్ అని. ఆ పేర్ల పనిని సమాలోచన అనకండి, అది ఒప్పందం. రెంటికీ రెండు మాటలు వాడితే మీ వ్యాసం సగం గెలిచినట్టే.

పెరంబూరు నుంచి:
బాగుందండీ, రాసుకున్నాను. మరి అంతర్ ప్రభుత్వ?

టి.నగర్ నుంచి:
అంతర్రాష్ట్ర బస్సు ఎక్కేటప్పుడు లేని అనుమానం ఇక్కడెందుకు? అంతర్ అంటే లోపల అనీ ఉంది, నడుమ అనీ ఉంది.

కొడంబాక్కం నుంచి:
బస్సుకి ఆ ఇబ్బంది లేదండీ, రెండు రాష్ట్రాలు కళ్ళెదుట ఉంటాయి. ప్రభుత్వం దగ్గరికి వచ్చేసరికి అంతర్గత భద్రత, అంతర్గత వ్యవహారాలు ముందు గుర్తొస్తాయి. నేనైతే ‘ప్రభుత్వాల ఉమ్మడి సంస్థ’ అంటాను.

రాయపురం నుంచి:
ఉమ్మడి అంటే ఈ రోజుల్లో విడిపోయినదని అర్థం గురువుగారూ! ఉమ్మడి మద్రాసు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, ఉమ్మడి గుంటూరు జిల్లా.

కొడంబాక్కం నుంచి:
హహ, అదీ నిజమే. అయితే ‘ప్రభుత్వాలు సభ్యులుగా ఉన్న సంస్థ’ అని విప్పి రాయండి, ఒక్కసారి రాస్తే చాలు. దీనికి చరిత్ర కూడా కలిసొస్తుంది. 1873లో మొదలైన పాత సంస్థలో సభ్యులు ప్రభుత్వాలు కావు, ఆయా దేశాల వాతావరణ శాఖల అధిపతులు. 1950 మార్చి 23న కొత్త ఒడంబడిక అమల్లోకి వచ్చాకే ప్రభుత్వాల పరమైంది. ఇప్పటికీ మొత్తం 193 మంది సభ్యుల్లో ఆరు దేశాలు కావు, హాంకాంగ్ లాంటి భూభాగాలు. అందుకే ‘దేశాల సంస్థ’ అనకుండా ‘ప్రభుత్వాల’ అంటే ఎవరూ వేలెత్తి చూపలేరు.

పెరంబూరు నుంచి:
సరే, శీర్షిక ఇలా పెడుతున్నాను: ‘ప్రపంచ వాతావరణ సంస్థ రేపటి బాధ్యతలపై ఆసియా దేశాల సమాలోచన’. పాత్ర అంటే నాటకం గుర్తొస్తోందని బాధ్యతలు చేశాను.

టి.నగర్ నుంచి:
బాధ్యత అనగానే ఆ పని ముందే ఒప్పుకున్నట్టు అవుతుంది, వాళ్ళింకా అడిగే దశలోనే ఉన్నారు కదా. ‘రేపటి పని’ అనండి. సమాలోచనకి నేనూ సరే.