ఒరెగన్ సైలోసిబిన్ కేంద్రాలు: డాక్టరు చీటీ లేకుండా ఇవ్వడం సబబేనా?

తూర్పుగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

2020 నవంబరులో అమెరికాలోని ఒరెగన్ రాష్ట్ర ఓటర్లు 109వ ప్రతిపాదనను ఆమోదించి, సైలోసిబిన్ పుట్టగొడుగులను లైసెన్సు ఉన్న కేంద్రాల్లో ఇవ్వడానికి దారి తెరిచారు. 2023లో యూజీన్ నగరంలో తొలి కేంద్రానికి లైసెన్సు దక్కింది. 21 ఏళ్లు నిండిన వారెవరైనా, ఏ జబ్బూ లేకపోయినా, ఏ డాక్టరూ రాసివ్వకపోయినా, ఫెసిలిటేటర్, అంటే శిక్షణ పొంది పక్కన కూర్చుని కనిపెట్టుకునే వ్యక్తి, సమక్షంలో ఆ కేంద్రంలోనే వీటిని తీసుకోవచ్చు. ఇంటికి పట్టుకుపోవడానికి వీల్లేదు. ప్రభావం దిగేదాకా బయటికి పంపరు. తిరుగు ప్రయాణానికి కారు తామే నడపకుండా ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఇది కాక, ముందుగా ఒక సన్నాహక సమావేశం తప్పనిసరి, తరవాత కావాలనుకున్నవారికి మరొకటి ఉంటుంది.

విషయం కొత్తగా వింటున్నవారి కోసం రెండు మాటలు. సైలోసిబిన్ అనేది కొన్ని జాతుల పుట్టగొడుగుల్లో సహజంగా ఉండే పదార్థం. శరీరంలోకి వెళ్లాక అది సైలోసిన్‌గా మారి, మెదడులో సెరటోనిన్ పట్టుకునే గ్రాహకాల్లో ఒక రకాన్ని, అంటే 5-హెచ్‌టీ2ఏ అనేదాన్ని, ప్రేరేపిస్తుంది. అరగంట, ముప్పావుగంటలో మొదలై నాలుగు నుంచి ఆరు గంటలు సాగే ఆ స్థితిలో చూపు, వినికిడి, కాలస్పృహ, 'నేను' అనే భావన అన్నీ మారిపోతాయి. 1958లో స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ కంపెనీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ దీన్ని మెక్సికో పుట్టగొడుగుల నుంచి వేరుచేశారు.

ఆస్ట్రేలియా మరో దారి పట్టింది. 2023 జులై 1 నుంచి అక్కడ ప్రత్యేక అనుమతి పొందిన మనోవైద్యులు మాత్రమే, మందులకు లొంగని కుంగుబాటుకు మాత్రమే, దీన్ని రాయగలరు. 'బాధ్యతగా వాడుకోవడం' అనే మాటను రెండు పక్షాలూ వాడుతున్నాయి గనుక, ఆ బాధ్యత ఎవరి మీద ఉండాలన్న దాని మీద చర్చించుకుందామని నా మనవి. ఎక్కడ దొరుకుతుంది, ఎంత తీసుకోవాలి అనే ప్రశ్నలను దయచేసి ఇక్కడికి తేవద్దు.

గుంటూరు మనోవైద్యురాలు

ఈ పదార్థం పనిచేయదని నేను అనను. 2016లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రాణాంతక క్యాన్సర్‌తో ఉన్న 51 మంది మీద జరిపిన అధ్యయనంలో, ఆరు నెలల తరవాత కూడా సుమారు 80 శాతం మందిలో కుంగుబాటు, ఆందోళన గణనీయంగా తగ్గి ఉన్నాయి. మా వృత్తిలో అంతటి ఫలితం అరుదు. అయితే ఆ 51 మందినీ ఎంత వడపోసి తీసుకున్నారో, ఒక్కొక్కరి పక్కన ఎన్ని గంటలు కూర్చున్నారో, ఆ తరవాత ఎన్ని నెలలు గమనించారో చెప్పకుండా, ఫలితాన్ని మాత్రం విడదీసి చూపిస్తే అది సగం నిజమే అవుతుంది.

2022లో వెలువడిన మరో పెద్ద పరీక్ష సంగతి చూడండి. మందులకు లొంగని కుంగుబాటు ఉన్న 233 మందిని మూడు గుంపులు చేసి, ఒక్కసారి మాత్రం, 25, 10, 1 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చారు. మూడు వారాల తరవాత 25 మిల్లీగ్రాముల గుంపులో మెరుగుదల స్పష్టంగా ఎక్కువ. అదే పత్రంలో, తలనొప్పి, వికారం వంటి ఇబ్బందులు చాలామందికి వచ్చాయనీ, ఆత్మహత్య ఆలోచనలు గాని తమను తాము గాయపరచుకోవడం గాని మూడు గుంపుల్లోనూ కనిపించిందనీ కూడా ఉంది. తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారిలో అది ఊహించదగినదే. అందుకే, అటువంటి మనిషి తిరిగి ఇంటికి వెళ్లాక మూడో వారంలోనో నాలుగో వారంలోనో ఫోను ఎత్తి పలకరించవలసినవారు ఎవరు అన్నది నా ప్రశ్న. ఒరెగన్ ఫెసిలిటేటర్‌కు ఉండవలసిన కనీస చదువు హైస్కూలు. దానిపైన 120 గంటల పాఠాలు, 40 గంటల ప్రత్యక్ష శిక్షణ. రోగనిర్ధారణ చేయడం గాని చికిత్స చేయడం గాని అతని పని కాదని నిబంధనలే చెబుతున్నాయి. కాగితం మీద అది సేవాకేంద్రమే. గుమ్మం తొక్కేవారిలో చాలామంది మాత్రం ఏదో ఒక బాధకు మందు వెతుక్కుంటూ వచ్చేవారే.

వడపోత గురించి కూడా చెప్పాలి. జీవితంలో ఎప్పుడైనా సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే ఉన్మాదం) వచ్చినవారిని, గత 30 రోజుల్లో లిథియం (బైపోలార్ జబ్బుకు వాడే మందు) వాడినవారిని ఒరెగన్ నిబంధనలు పక్కన పెడతాయి. లిథియంతో కలిస్తే మూర్ఛలు వచ్చిన సందర్భాలు నమోదై ఉన్నాయి గనుక ఆ నియమం సరైనదే. కానీ ఈ సమాచారమంతా వచ్చినవారి నోటి మాట మీద ఆధారపడింది. తమ్ముడికో మేనమామకో బైపోలార్, అంటే ఉద్రేకం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు, ఉన్నా ఇంట్లో 'నరాల బలహీనత' అని సరిపెట్టుకునే కుటుంబాలను నేను రోజూ చూస్తుంటాను. వచ్చిన మనిషి అబద్ధం చెప్పనక్కర్లేదు, తెలియకపోతే చాలు.

నల్లరేగడి

డాక్టరు గారు చెప్పిన లెక్కలతో నాకు పేచీ లేదు, వాటి నుంచి తీసిన తీర్మానంతోనే పేచీ.

మొదటి సంగతి. డాక్టరు చీటీ తప్పనిసరి చేయగానే ఈ అనుభవం జబ్బు ఉన్నవారి సొత్తు అయిపోతుంది. భార్య పోయిన అరవై ఏళ్ల మనిషికి కుంగుబాటు అనే ముద్ర లేదు. మందులకు లొంగలేదని నిరూపించుకోవడానికి ఆయన రెండు మూడు మందులు విఫలమయ్యేదాకా వాడి చూడనూ లేదు. ఆస్ట్రేలియా పద్ధతిలో ఆయనకు తలుపు మూసే ఉంటుంది. హాప్కిన్స్‌లో రోలండ్ గ్రిఫిత్స్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలోని 36 మందీ రోగులు కారు, ఆరోగ్యవంతులు. వారిలో మూడింట రెండు వంతుల మంది ఆ రోజును తమ జీవితంలోని అతి ముఖ్యమైన అయిదు అనుభవాల్లో ఒకటిగా లెక్కించారు. ఈ పరిశోధనల పునరుజ్జీవనమంతా అక్కడి నుంచే మొదలైంది.

రెండో సంగతి, ఈ పుట్టగొడుగుల్ని వైద్యశాస్త్రం కనిపెట్టలేదు. మెక్సికోలోని వహాకా రాష్ట్రంలో, హువావుట్ల దె హిమెనెజ్ అనే కొండ ఊళ్లో మజాటెక్ ప్రజలు తరతరాలుగా వీటితో రాత్రి పూజలు జరుపుతున్నారు. 1955లో గోర్డన్ వాసన్ అనే న్యూయార్క్ బ్యాంకు అధికారి మరియా సబీనా అనే ఆ ఊరి వైద్యురాలి పూజలో కూర్చుని, 1957లో లైఫ్ పత్రికలో ఆ సంగతి రాస్తే లోకానికి తెలిసింది. ఆమెకు డిగ్రీ లేదు. కానీ ఆమె నోట పాట ఉంది, పక్కన కూర్చునే ఓపిక ఉంది, వచ్చినవారి ఇంటి సంగతులు తెలుసు. బాధ్యత అంటే అది కూడా.

గుంటూరు మనోవైద్యురాలు

మరియా సబీనా ఉదాహరణ మీ వాదానికి ఎదురు తిరుగుతుంది, నల్లరేగడి గారూ. ఆమె ఆ పుట్టగొడుగుల్ని అనుభవం కోసం ఎవరికీ పంచలేదు. ఎవరికైనా జబ్బు చేస్తే దాని కారణం తెలుసుకోవడానికి, ఊరివారి మధ్యన, తానూ తిని కూర్చునేది. ఆ వ్యాసం వచ్చాక బయటివాళ్లు గుంపులుగా ఆ ఊరి మీద పడ్డారు. పోలీసులు వచ్చారు, ఆమె ఇల్లు తగలబడింది. అపరిచితులు దేవుణ్ణి వెతుక్కుంటూ రావడం మొదలయ్యాక ఆ పుట్టగొడుగుల శక్తి పోయిందని ఆమె తన చివరి రోజుల్లో బాధపడింది. వచ్చినవారి ఇంటి సంగతులు తెలియడం వల్ల ఆమెకు దొరికిన వడపోత, వెయ్యి డాలర్లకు పైగా చెల్లించి విమానం దిగి వచ్చిన మనిషి విషయంలో ఫెసిలిటేటర్‌కు దొరకదు.

ఇక 2006 అధ్యయనం. ఆ 36 మందిలో 11 మందికి ఆ రోజు ఏదో ఒక దశలో తీవ్రమైన భయం కలిగిందని అదే పత్రంలో ఉంది. వారందరూ క్షేమంగా బయటపడ్డారు, ఎందుకంటే రోజంతా పక్కన ఉన్నవారు అటువంటి స్థితిలో ఏం చేయాలో తెలిసినవారు.

శ్రావణమేఘం

పెద్దల చర్చ మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా హాస్టల్లో కొందరు సెలవులకు కొడైకెనాల్ వెళ్లి ఇవి తిని వచ్చారు. 'ఇది మొక్క లాంటిదే, సహజమైనది, పైగా కేరళ హైకోర్టు నేరం కాదని తీర్పు ఇచ్చింది' అంటున్నారు. ఇది నిజమేనా? ఒరెగన్‌లో కేంద్రాలే ఉన్నప్పుడు ఇక్కడ ఇంత భయపెట్టడం ఎందుకు?

కోర్టుమెట్లు

తీర్పు విషయం నేను చెబుతాను. 2025 జనవరిలో కేరళ హైకోర్టు ఒక బెయిలు దరఖాస్తు మీద ఉత్తర్వు ఇస్తూ, పుట్టగొడుగు సహజమైన శిలీంధ్రమే గాని చట్టం చెప్పే 'మిశ్రమం' కాదని, కాబట్టి మొత్తం పుట్టగొడుగు బరువును మాదకద్రవ్యం బరువుగా లెక్కకట్టి వాణిజ్య పరిమాణం అనకూడదని పేర్కొంది. బెయిలు దొరకడం దాదాపు అసాధ్యమయ్యే పరిస్థితి నుంచి నిందితుడికి అది ఊరట ఇచ్చింది, అంతే. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మన మాదకద్రవ్యాల చట్టం, జాబితాలో సైలోసిబిన్, సైలోసిన్ రెండూ అలాగే ఉన్నాయి. దగ్గర పెట్టుకోవడం, అమ్మడం, సేవించడం నేరాలే. వాట్సాప్‌లో తిరిగే ఒక్క వాక్యాన్ని నమ్ముకుని తమిళనాడు పోలీసుల ముందు నిలబడితే ఏమవుతుందో మీ స్నేహితులు ఆలోచించుకోవాలి.

ఒరెగన్‌లోనూ, కాలిఫోర్నియా బే ఏరియాలోనూ ఉన్న మనవాళ్లకు ఇంతకన్నా ముఖ్యమైన మాట ఒకటి ఉంది. రాష్ట్రం అనుమతించినా అమెరికా కేంద్ర చట్టంలో సైలోసిబిన్ 1970 నుంచి మొదటి షెడ్యూలులోనే, అంటే అన్నిటికన్నా కఠినంగా నిషేధించిన పదార్థాల జాబితాలోనే, ఉంది, వలస చట్టం నడిచేది ఆ కేంద్ర చట్టం ప్రకారమే. హెచ్‌1బీ మీద ఉన్నవారు, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నవారు, వీసా అధికారి ముందు గాని విమానాశ్రయంలో గాని లైసెన్సు కేంద్రానికి వెళ్లి తీసుకున్నామని ఒప్పుకుంటే, కేసు గాని శిక్ష గాని లేకుండానే ప్రవేశార్హత పోగొట్టుకునే ప్రమాదం ఉంది. పదేళ్లు క్యూలో నిలబడినవారికి ఈ సంగతి కేంద్రం వాళ్ల సమ్మతి పత్రంలో పెద్ద అక్షరాల్లో కనబడుతుందని నేను అనుకోను.

గుంటూరు మనోవైద్యురాలు

శ్రావణమేఘం గారూ, అందులో క్షమాపణ చెప్పుకోవలసింది ఏమీ లేదు. ఈ చర్చలో అన్నిటికన్నా అవసరమైన ప్రశ్న మీదే.

సహజమైనది అన్న మాట ఏ భరోసా ఇవ్వదు. వానాకాలం రాగానే మన్యంలోనూ తెలంగాణ పల్లెల్లోనూ పుట్టగొడుగులు ఏరి కూర వండుకునేవారికి ఆ సంగతి బాగా తెలుసు. తెలిసినవారు కూడా ఒక్కోసారి పొరబడతారు. సైలోసిబిన్ పుట్టగొడుగులను పోలిన గోధుమరంగు చిన్న పుట్టగొడుగుల్లో గాలరీనా అనే జాతి ఉంది. దానిలోని విషం కాలేయాన్ని నాశనం చేస్తుంది. తిన్న ఆరు గంటల దాకా, కొన్నిసార్లు పన్నెండు గంటలు దాటేదాకా ఏ లక్షణమూ కనిపించదు. వాంతులు, విరేచనాలు మొదలై కాస్త తగ్గినట్టనిపించాక అసలు ప్రమాదం బయటపడుతుంది. అందుకే అడవిలో ఏరినదేదైనా తిన్న తరవాత వాంతులు మొదలైతే, పోలీసులకు భయపడి గదిలో కూర్చోకుండా వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్లి, ఏం తిన్నారో దాచకుండా చెప్పాలి. మిగిలిన ముక్క ఏదైనా ఉంటే వెంట తీసుకెళ్లాలి. మీ స్నేహితుల్లో ఎవరైనా భయంతో వణికిపోతూ ఉంటే ఒంటరిగా వదలకండి, మేడ మీదికీ రోడ్డు మీదికీ పోనివ్వకండి, మద్యం గాని గంజాయి గాని ఇచ్చి శాంతపరచాలని చూడకండి. మరుసటి రోజుకు కూడా మాటలు పొంతన లేకుండా ఉన్నా, వరుసగా రెండు రాత్రులు నిద్ర లేకపోయినా మనోవైద్యుడికి చూపించాలి. అది వ్యసనపు లక్షణం కాదు; సైలోసిబిన్‌కు వ్యసనం కలిగించే గుణం తక్కువే. అప్పటిదాకా దాగి ఉన్న ఉన్మాదం బయటపడిన గుర్తు అది కావచ్చు. ఆ వయసు, అంటే పద్దెనిమిది నుంచి ఇరవై అయిదు, అటువంటి జబ్బులు తొలిసారి తలెత్తే వయసు కూడా.

ఒరెగన్ పద్ధతిని నేను విమర్శిస్తున్నప్పటికీ, కొడైకెనాల్ గదికీ దానికీ పోలిక లేదు. అక్కడ జాతి ఏదో తెలుసు, ప్రయోగశాలలో పరీక్షించారు, మెలకువగా ఉన్న మనిషి ఒకరు పక్కన ఉన్నారు.

నల్లరేగడి

డాక్టరు గారి చివరి పేరాయే నా వాదం. అనుమతించిన కేంద్రం లేకపోతే జనం మానుకుంటారా? నెదర్లాండ్స్ అనుభవం ఉంది కదా. 2007లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పదిహేడేళ్ల ఫ్రెంచి అమ్మాయి పుట్టగొడుగులు తిన్నాక ఎత్తు నుంచి దూకి మరణించింది. ఆ తరవాత 2008 డిసెంబరు నుంచి పుట్టగొడుగుల్ని నిషేధించారు. అదే పదార్థం ఉన్న ట్రఫుల్స్, అంటే ఆ శిలీంధ్రాలు నేల లోపల కట్టే గడ్డలు, మాత్రం దుకాణాల్లో అమ్ముడవుతూనే ఉన్నాయి. పర్యటకులు వాటిని కొనుక్కుని హోటలు గదిలో తింటున్నారు, పక్కన ఎవరూ ఉండరు. అమ్మే సరుకు పేరు మారింది గాని పర్యవేక్షణ పెరగలేదు. దానికన్నా 120 గంటలు శిక్షణ పొందిన మనిషి నయం.

అయితే ఖర్చు విషయంలో ఒరెగన్‌ను నేను వెనకేసుకు రాను. ఒక్క విడత సేవకు వెయ్యి నుంచి మూడు వేల డాలర్ల దాకా తీసుకుంటున్నారు, బీమా వర్తించదు. లైసెన్సు రుసుములు భరించలేక కేంద్రాలు మూతపడుతున్నాయి. చాలా కౌంటీలు (మన జిల్లాల వంటివి) అసలు వద్దనే ఓటు వేశాయి. డబ్బున్నవారికి కేంద్రం, లేనివారికి అడవి అన్నట్టు తయారైతే, ఆ ప్రతిపాదనకు ఓటు వేసినవారి ఉద్దేశం నెరవేరినట్టు కాదు.

తూర్పుగట్టు

చర్చ ఒక చోటికి వచ్చిందని నాకనిపిస్తోంది. వడపోత, వెన్నంటి చూడడం అనే రెండింటిలోనే ఒరెగన్ పద్ధతి బలహీనంగా ఉందని ఇద్దరి మాటల్లోనూ తేలింది. దీనికి సంబంధించి ఒక మార్పు ఇప్పటికే జరిగింది. 2023లో ఆమోదించిన చట్టం ప్రకారం, 2025 జనవరి నుంచి కేంద్రాలన్నీ వచ్చినవారి వివరాలను, ఎదురైన ఇబ్బందులను వ్యక్తుల పేర్లు లేకుండా రాష్ట్ర ఆరోగ్య శాఖకు సమర్పించాలి. ఇష్టం లేనివారు తమ వివరాలు ఇవ్వకుండా ఉండవచ్చు. పరిశోధన ఆసుపత్రులు ఏరి తీసుకున్న మనుషుల మీద కాక, సామాన్య జనం మీద ఈ పదార్థం ఎలా పనిచేస్తుందో తెలిసే అవకాశం దీనివల్ల తొలిసారిగా వస్తోంది. అలాగే కొలరాడో 2022లో ఓటు ద్వారా ఒరెగన్ బాటనే ఎంచుకోగా, న్యూ మెక్సికో 2025లో వైద్యుల చేతిలో ఉండే పద్ధతికి చట్టం చేసింది. మూడు రాష్ట్రాల లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడగలిగే రోజు దూరంలో లేదు.

నా మటుకు నేను డాక్టరు గారి వైపే కొంత మొగ్గుతున్నాను: చీటీ అక్కర్లేదు గాని, ముందుగా ఒక మనోవైద్యుడి పరీక్ష, నెల తరవాత ఒక తప్పనిసరి పలకరింపు ఉండాలి. దానివల్ల ఖర్చు ఇంకా పెరుగుతుందని నల్లరేగడి గారు అంటారని తెలుసు.

నల్లరేగడి

అంటాను. పరీక్ష ఖర్చు రాష్ట్రం పెట్టుకుంటే మీ సవరణకు ఒప్పుకుంటాను, వచ్చినవారి నెత్తిన వేస్తే ఒప్పుకోను.

గుంటూరు మనోవైద్యురాలు

ఖర్చు ఎవరు పెట్టుకున్నా, నెల తరవాతి పలకరింపు ఫెసిలిటేటర్ చేస్తే చాలదు. మందు రాయగల అధికారం ఉన్నవారు చేయాలి. ఆ ఒక్క షరతు మీద నేను కదలను.