అపజయాన్ని అధిపతి తన మీద వేసుకుంటే సరిపోతుందా?

కొలతబద్ద:
నాయకత్వం మీద ఎక్కడ ఉపన్యాసం పెట్టినా ఇదే కథ. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో ఎస్‌ఎల్‌వి-3 తొలి ప్రయోగం విఫలమై రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ఇస్రో అధిపతి సతీశ్ ధవన్ నెపం ప్రాజెక్టు డైరెక్టర్ కలాం మీదకు పోనివ్వకుండా విలేకరులకు తానే జవాబు చెప్పారు. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరాక మాత్రం కలాంనే మాట్లాడమన్నారు. వినడానికి బాగుంది. మా పరిశోధనశాలలో (పేరు వద్దు) ఈ కథ ముచ్చటగా చెప్పే పెద్దలే, తప్పు ఎక్కడ జరిగిందో తేల్చనివ్వరు. "బాధ్యత నాది" అన్నారంటే ఇక ఫైలు మూసేసినట్టే. ధవన్ నేర్పింది ఇదేనా?

వేపచెట్టు:
కథలో సగమే చెప్పారు. ఆ రోజు కౌంట్‌డౌన్‌లో కంప్యూటర్ ఆగమంది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో లీకు కనబడింది. నిపుణులు లెక్కలు చూసి పరవాలేదన్నారు. కలాం కంప్యూటర్ మాట పక్కనపెట్టి ముందుకే వెళ్లారు. మొదటి దశ చక్కగా పనిచేసింది, రెండో దశలో రాకెట్ అదుపు తప్పింది. ఇదంతా మనకెలా తెలిసింది? కలామే ఊరూరా చెప్పుకొచ్చారు కాబట్టి. మరుసటి ప్రయోగానికీ ఆయనే డైరెక్టర్. వేటు పడుతుందన్న భయం ఉన్నచోట "లీకు చూశాం, అయినా వదిలాం" అని ఎవరైనా నోరు విప్పుతారా?

కొలతబద్ద:
గెలిచి పేరొచ్చాక ఎవరైనా చెబుతారు! చంద్రయాన్-2 సంగతి చూడండి. విక్రమ్ ల్యాండర్ కూలింది 2019 సెప్టెంబరులో. ఇంజన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ థ్రస్ట్ (తోపుడు బలం) ఇచ్చాయనీ, దిగాల్సిన చోటు 500 మీటర్ల చదరమే కావడం ఇబ్బందైందనీ అప్పటి ఇస్రో అధిపతి సోమనాథ్ విడమరచి చెప్పింది 2023లో. పూర్తి నివేదికను జనం ముందు పెట్టలేదు. డబ్బు ప్రజలది, లెక్క మాత్రం ఇంటి గుట్టు.

మూడో గది:
నాసాలో లెక్క బయటపెట్టారు, ఏం ఒరిగింది? 2003 జనవరి 16న కొలంబియా అంతరిక్ష నౌక పైకి లేచిన 82 సెకన్లకు ఇంధన ట్యాంకు మీది ఉష్ణనిరోధక నురుగు ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. నౌక కక్ష్యలో ఉండగానే ఫొటోలు తీయించమని ఇంజనీర్లు అడిగారు. యాజమాన్యం అక్కర్లేదంది. ఆ నిర్ణయం తప్పని ఒక ఇంజనీరు ఘాటుగా ఈమెయిలు రాసి, పక్కనున్న సహోద్యోగికి చూపించి, పైవాళ్లకు మాత్రం పంపకుండా ఊరుకున్నాడు. ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ పోయారు. ఆగస్టుకల్లా విచారణ నివేదిక అందరి చేతికీ వచ్చింది. ప్రమాదంలో నురుగుకు ఎంత పాత్ర ఉందో సంస్థ పనితీరుకూ అంతే ఉందని రాశారు. కొలతబద్ద గారికి కావలసింది ఆ నివేదిక. నాకు కావలసింది పంపని ఆ ఈమెయిలు.

కొలతబద్ద:
శ్రీహరికోటలో ఆ ఈమెయిలు అందింది కదండీ! సాక్షాత్తూ కంప్యూటరే పంపింది. అయినా ఎగరేశారు.

వేపచెట్టు:
ఎగరేశారు. అందులో మనుషులు లేరు, అది ప్రయోగాత్మక రాకెట్. అక్కడ తెగించవచ్చు. ధవన్ అడ్డు నిలబడింది ఆ తెగింపు చావకూడదనే. కొలంబియాలో ఏడుగురున్నారు, అక్కడ తెగించే హక్కు ఎవరికీ లేదు. రెంటినీ ఒకే గాటన కట్టకండి. మీ పెద్దలు చేసే పనికి ధవన్ పేరు వాడుకోవడమే అన్యాయం.

కొలతబద్ద:
ఈ తేడా ఒప్పుకుంటాను. అయితే రేపు గగన్‌యాన్‌లో ఎక్కేది మనుషులే. ఎవరైనా ఆగమన్నప్పుడు ఆ మాట పక్కనపెట్టింది ఎవరో, ఎందుకో అదే రోజు రాతపూర్వకంగా నమోదు కావాలి. విచారించేవాళ్లకు ఆ ప్రాజెక్టుతో సంబంధం ఉండకూడదు. ఈ రెండూ ఉంటే విలేకరుల ముందు ఎవరు కూర్చున్నా నాకు అభ్యంతరం లేదు.