ఆర్లాండో ట్రిప్పులకి డిస్నీ టైమ్‌షేర్ కొనొచ్చా? రీసేల్‌లో ఒకటి చూశాం

ఫ్రిస్కో అమ్మ:
అందరికీ నమస్తే. మేం డాలస్ దగ్గర ఉంటాం, పిల్లలకి 4, 7 ఏళ్ళు. స్ప్రింగ్ బ్రేక్ అంటే చాలు ఆర్లాండో అంటారు, పైగా అత్తయ్య మామయ్య ఇక్కడున్నప్పుడు వాళ్ళనీ తీసుకెళ్ళాలి కదా, ఒక్క హోటల్ రూమ్‌లో పట్టం, రెండు తీసుకుంటే బిల్లు చూసి మా ఆయన రెండ్రోజులు మాట్లాడరు. అందుకే డిస్నీ వెకేషన్ క్లబ్ (డీవీసీ) ఆలోచన, డిస్నీవాళ్ళ టైమ్‌షేర్ అది, ముందే డబ్బు కట్టి కొనుక్కుంటే ఏటా వచ్చే పాయింట్లతో వాళ్ళ రిసార్ట్‌ల్లో రూములు తీసుకోవచ్చు. రీసేల్‌లో, అంటే పాత ఓనర్ అమ్ముతుంటే, వాళ్ళ సరటోగా స్ప్రింగ్స్ రిసార్ట్‌లో ఏడాదికి 160 పాయింట్లది ఒకటి చూశాం. వేరే కంపెనీల టైమ్‌షేర్లు ఆన్‌లైన్‌లో ఒక్క డాలర్‌కి కూడా ఉన్నాయి, అదేం కథ? కిచెన్ మాత్రం తప్పకుండా ఉండాలి, మామయ్యకి షుగర్, బయట తిండి పడదు.

టాంపా బాబాయ్:
డాలర్‌కి ఇచ్చేది వదిలించుకోడానికేనమ్మా. మెయింటెనెన్స్ ఫీజు వెళ్ళినా వెళ్ళకపోయినా ఏటా కట్టాల్సిందే, అది పెరగడమే తప్ప తగ్గడం చూళ్ళేదు, కొన్నిటికి ముగింపు తేదీ కూడా ఉండదు. డీవీసీ ఆ లెక్కన నయం, సరటోగా కాంట్రాక్ట్ 2054తో అయిపోతుంది, మధ్యలో అమ్ముకుందామన్నా కొనేవాళ్ళు దొరుకుతారు. కానీ అప్పటికి మీ చిన్నాడికి ముప్పై దాటుతాయి, అదీ చూసుకోండి. డ్యూస్, అంటే ఆ మెయింటెనెన్స్ ఫీజే, పాయింట్‌కి 9 డాలర్లు వేసుకున్నా 160కి ఏడాదికి 1,440. పార్క్ టికెట్లు ఇందులో రావు, ఈ సంగతి తెలియక కొన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంకోటి, ఆర్లాండోలో ఎవరైనా చవగ్గా పార్క్ టికెట్లిస్తాం, మా టైమ్‌షేర్ గురించి చెప్తాం గంటన్నర కూర్చోండి అంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. మొహమాటానికి సంతకం పెట్టేసినా ఫ్లోరిడా చట్టం ప్రకారం 10 రోజుల్లోపు రాతపూర్వకంగా క్యాన్సిల్ చేసుకోవచ్చు.

ఎడిసన్ శ్రీను:
మేం రీసేల్‌లోనే కొన్నాం, హ్యాపీ. కానీ మీ కేసులో అసలు చిక్కు కిచెన్ అండి. స్టూడియో అంటే ఒక్క గది, అందులో మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్, అంతే. స్టవ్, వాషర్ డ్రయర్ కావాలంటే వన్ బెడ్‌రూమ్ నుంచే. స్ప్రింగ్ బ్రేక్ వారానికి 160 పాయింట్లతో స్టూడియో వస్తుంది, ఆరుగురికి టూ బెడ్‌రూమ్ కావాలంటే ఈ ఏడాదివి బ్యాంక్ చేసి, అంటే వాడకుండా వచ్చే ఏడాదికి జరిపి, ఆ ఏడాదివాటితో కలిపి వెళ్ళాలి, అంటే ఏడాది విడిచి ఏడాది అన్నమాట. (రైస్ కుక్కర్ ఒకటి పట్టుకెళ్తే స్టూడియోలో కూడా పెరుగన్నం దాకా గడిచిపోతుంది, మా అమ్మ అలాగే లాగించింది.)

మీ హోమ్ రిసార్ట్, అంటే మీరు పాయింట్లు కొన్న రిసార్ట్ అయితే 11 నెలల ముందు బుక్ చేసుకోవచ్చు, మిగతావాటికి 7 నెలలే, అప్పటికి బోర్డ్‌వాక్ రిసార్ట్ స్టూడియోల్లాంటివి ఎగిరిపోయి ఉంటాయి. కాబట్టి ఏది చవగ్గా వస్తే అది కాకుండా, ఉండటానికి ఇష్టమైనచోటే కొనండి. 2019 జనవరి 19 నుంచి రీసేల్‌లో కొన్నవాళ్ళకి పాత 14 రిసార్ట్‌లే, రివియెరా లాంటి కొత్తవి దొరకవు. ధర మరీ తక్కువకి మాట్లాడుకుంటే డిస్నీకి ముందు కొనుక్కునే హక్కుంది, వాళ్ళే లాగేసుకుంటారు.

అట్లాంటా పద్మ:
నేనైతే కొనొద్దనే అంటా అక్కా. ముందు ఎవరైనా మెంబర్ దగ్గర పాయింట్లు రెంట్‌కి తీస్కొని ఒకసారి ఉండి చూడండి, పాయింట్‌కి 20 డాలర్లు అటూ ఇటూ అయితది, డ్యూస్ గోల లేదు. కాకపోతే క్యాన్సిల్ చేస్తే డబ్బులు చాలావరకు పోయినట్టే. అత్తయ్యవాళ్ళు వచ్చిన ఏడాది డిస్నీ పక్కనున్న కిసిమీలో పూల్ ఉన్న ఇల్లు అద్దెకు తీస్కుంటే వంట కూడా మంచిగయితది, కారు ఉండాలి, పార్కింగ్ ఖర్చు పడ్తది, అంతే. ఇంకా మీ పెద్దదానికి పదేళ్ళొస్తే యూనివర్సల్ అంటది చూడండి, అవి డిస్నీవి కాదు, వేరే పార్కులు, హ్యారీ పాటర్ అక్కడే, వాళ్ళ కొత్త పార్క్ ఎపిక్ యూనివర్స్ కూడా 2025 మేలో తెరిచిండ్రు. అక్కడికి డిస్నీ రిసార్ట్ నుంచి రోజూ తిరుగుడు ఎవరి వల్ల అయితది?

ఫ్రిస్కో అమ్మ:
పెద్దది ఇప్పటికే హ్యారీ పాటర్ అంటోంది 😅 సరే, ఈసారికి రెంట్ చేసి చూస్తాం. శ్రీను గారూ, ఒక్క డౌట్, మేం చూసిన కాంట్రాక్ట్ జూన్ యూజ్ ఇయర్, అంటే పాయింట్లు ఏటా జూన్‌లో పడతాయి, దానివల్ల తేడా ఏమైనా ఉంటుందా?

ఎడిసన్ శ్రీను:
మీకైతే తేడా చాలానే ఉంటుంది. బ్యాంక్ చేయడానికి మొదటి 8 నెలలే టైమ్, అంటే జూన్‌ది జనవరి 31తో సరి. మార్చిలో పిల్లాడికి జ్వరమొచ్చి ట్రిప్ ఆగిపోతే పాయింట్లు మే 31లోపు వాడేసుకోవాలి, లేదా వదిలేసుకోవాలి. డిసెంబర్‌దో ఫిబ్రవరిదో దొరికేదాకా ఆగండి.