బట్టమేక, కలివి కోడి, పసుపు గొంతు బుల్బుల్: ఎనిమిది రోజుల్లో ఎంతవరకు సాధ్యం?

పాలపిట్ట:
మన వైపు పక్షులు చూసేవాళ్లంతా తపించే మూడు నా జాబితాలో మిగిలిపోయాయి: బట్టమేక పిట్ట, కలివి కోడి, పసుపు గొంతు బుల్బుల్. జనవరిలో ఎనిమిది రోజుల సెలవు ఉంది. రోళ్లపాడు రెండు రోజులు, కడప దగ్గర లంకమల మూడు, హార్స్‌లీ కొండ రెండు, ప్రయాణానికి ఒకటి అనుకుంటున్నాను. చేతిలో ఉన్నవి 8×42 బైనాక్యులర్, 400 ఎం.ఎం. లెన్స్. ఈ లెక్క కుదురుతుందా?

లకుముకి:
బట్టమేక కోసమైతే రోళ్లపాడు తీసేయండి. 1988లో దాని కోసమే పెట్టిన అభయారణ్యం, సుమారు 614 హెక్టార్ల గడ్డి బీడు. కానీ ఏళ్లుగా అక్కడ అది నికరంగా కనిపించడం లేదు. చుట్టూ వర్షాధార పంటలు తగ్గి సాగునీటి పంటలు వచ్చాయి. విశాలమైన బయలులో తిరుగుతూ మిడతలూ గింజలూ ఏరుకునే పిట్టకు కంచెలోని ఆ ముక్క ఏ మూలకు? పైగా అది పెట్టేది మామూలుగా ఒక్క గుడ్డే. ఒకసారి తగ్గితే మళ్లీ పెరగడం చాలా కష్టం.

రాజస్థాన్‌లోని జైసల్మేర్ వెళ్లండి. డెజర్ట్ నేషనల్ పార్క్‌లో, సామ్ దగ్గరి సుదాసరి కంచె వైపు. ప్రయాణం పోను మూడు ఉదయాలు చేతిలో పెట్టుకోండి, ఒక్క ఉదయాన్ని నమ్ముకోవద్దు. అనుమతి అటవీ శాఖ కార్యాలయంలో ముందురోజే తీసుకోవాలి. తెల్లారేసరికి దారి మీద ఉండాలి. ఎండెక్కాక నేల మీద గాలి ఆవిరిలా ఆడుతుంది, అప్పుడు అర కిలోమీటరు దూరంలోని పిట్ట నీళ్లలో నీడలా కదులుతుంది. 8×42తో జాడ పట్టొచ్చు, అదేనని తేల్చుకోలేరు. 20–60 రెట్లు పెంచి చూపే స్కోప్ (ఒంటికంటి దూరదర్శిని) అద్దెకైనా తీసుకోండి. గాలి ఆడుతున్నప్పుడు 25 రెట్లు దాటించొద్దు, పెంచితే పిట్టతో పాటు వణుకూ పెరుగుతుంది. స్కోప్‌ను బండి తలుపు మీద ఆనించేట్టయితే ఇంజిన్ ఆపేయాలి.

మగదానికి నల్ల టోపీ, తెల్లటి పొడవు మెడ, రొమ్మున అడ్డంగా నల్ల పట్టీ. ఆడది చిన్నది, మెడ కాస్త బూడిద రంగు, పట్టీ తెగి ఉంటుంది లేదా ఉండదు. చలికాలంలో అక్కడికే మాక్వీన్స్ బస్టర్డ్ కూడా వలస వస్తుంది. అది బాగా చిన్నది, మెడ పక్కన నిలువుగా నల్ల చార ఉంటుంది. తొందరపడితే దాన్నే బట్టమేక అనుకుంటారు. బండి దిగి దగ్గరికి నడవొద్దు. అది మిమ్మల్ని ముందే చూసి తుప్పల వెనక్కి నడిచిపోతుంది. లేచి ఎగిరితే ఇంకో ప్రమాదం: బరువైన పిట్ట, ఎదురుగా చూపు తక్కువ, కరెంటు తీగలకు తగిలి చచ్చేది ఇందుకే.

రోళ్లపాడుకు ఒక్క సాయంత్రం ఇవ్వండి చాలు. జనవరిలో హారియర్ గద్దలు గడ్డిలో రాత్రి బసకు దిగడం పొద్దుగుంకే వేళ చూడాల్సిందే.

గిజిగాడు:
కలివి కోడి విషయం వేరు. దాన్ని ‘చూసి వచ్చే’ పిట్టగా లెక్కేయకండి. పక్షి శాస్త్రవేత్త జెర్డాన్ 1848లో దీన్ని కనుగొన్నాడు. 1900 నాటికి కనుమరుగైంది, 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ బయటపడింది. ఆ తర్వాతా మళ్లీ చాలా ఏళ్లు మౌనమే, 2025 ఆగస్టులో కూత రికార్డయింది. (జెర్డాన్ రాసుకున్న తెలుగు పేరు ‘అడవి ఉత్తతిత్తి’. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి కలివి కోడి అన్న పేరే ఎక్కువ నప్పుతుంది.)

పగలు పొదల కింద కదలకుండా ఉంటుంది. మరీ చిక్కటి అడవీ వద్దు, మరీ బోడి నేలా వద్దు: హెక్టారుకు రెండు మీటర్లు దాటిన పొదలు 300 నుంచి 700 దాకా, మధ్యలో బయలు నేల. మేత, కట్టెల నరుకుడు ఎక్కువైతే బోడి అవుతుంది, పూర్తిగా ఆపేస్తే కమ్ముకుపోతుంది. దానికి రెండూ పనికిరావు.

పాలపిట్ట:
అయితే రాత్రి టార్చ్ వేసి, ఫోన్‌లో కూత వినిపిస్తే?

గిజిగాడు:
రెండూ వద్దండీ. రాత్రిపూట అభయారణ్యంలోకి అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా వెళ్లకూడదు. కూత వినిపిస్తే ఉన్న ఒకటీ అరా పిట్ట తన చోటు వదిలి కలవరపడుతుంది. పైగా మీ స్పీకరుకు మీరే మోసపోతారు, దూరాన పక్క జట్టు వేసిన రికార్డింగును పిట్ట అనుకుని రాసుకుంటారు.

అనుమతి ఉన్న జట్టుతో వెళ్తే పని ఇది. సూర్యాస్తమయానికి అరగంట తర్వాత ఒకచోట కూర్చోండి. కూత సూర్యాస్తమయమైన సుమారు 45–50 నిమిషాలకు మొదలవుతుంది, కొన్ని నిమిషాల నుంచి ఇరవై నిమిషాల వరకే. ‘ట్విక్-టూ, ట్విక్-టూ’ అని వరసగా. రికార్డర్ ముందే ఆన్ చేసి పెట్టండి, విన్నాక తీస్తే సగం పోతుంది. ఎంపీ3 కాకుండా వేవ్ ఫార్మాట్‌లో ఉంచండి, సమయం నోటితో చెప్పి రికార్డు చేయండి. తీతువు, నైట్‌జార్ కూతలు ముందే బాగా విని వెళ్లండి, చీకట్లో ఆశ చెవిని లాగుతుంది. వినబడితే చోటు ఎక్కడా పోస్టు చేయకుండా అటవీ శాఖకు చెప్పండి.

చిన్నబోడి:
మూడోదాని గురించి ఎవరూ చెప్పలేదు, దొరికేది అదొక్కటే! హార్స్‌లీ కొండ రెండు రోజులు సరిపోతుంది. అతిథి గృహాల చుట్టూ కాకుండా బండరాళ్లూ పొదలూ కలిసిన వాలు చూడండి. తెల్లారిన మొదటి గంట పొద కొసకు వచ్చి కూర్చుంటుంది, తర్వాత లోపలికి పోతుంది. మర్రి, జువ్వి పండ్లు పండిన చెట్టు ఉంటే దాని కిందే ఆగండి. మోసం చేసేది తెల్లకనుబొమ్మ బుల్బుల్, అదే తుప్పల్లో ఉంటుంది, దాని తోక కిందా పసుపే. అందుకే తోక కింద చూసి తేల్చకండి. తలా గొంతూ పసుపుగా, రొమ్ము బూడిదగా ఉంటేనే రాసుకోండి. మీ 400 లెన్స్‌కు ఇక్కడే పని.