కాలినిన్‌గ్రాడ్‌కు 750 ఏళ్ల పండగ చేసుకునే హక్కుందా?

బెజవాడ కుర్రాడు:
బీటెక్‌లో గ్రాఫ్ థియరీ చదివినవాళ్లకి కోనిగ్స్‌బర్గ్ ఏడు వంతెనల లెక్క గుర్తుండే ఉంటుంది, 1736లో గణితవేత్త ఆయిలర్ తేల్చింది. ఆ ఊరే ఇప్పుడు రష్యాలో ఉన్న కాలినిన్‌గ్రాడ్. 1255లో ట్యూటానిక్ యోధులు (జర్మన్ క్రైస్తవ సైనిక సంఘం వాళ్లు) అక్కడ కోట కట్టారు. దాదాపు ఏడొందల ఏళ్లు జర్మన్ల ఊరది. 1945 ఏప్రిల్లో ఎర్రసైన్యం పట్టుకుంది, 1946లో సోవియట్ ప్రభుత్వం పేరు మార్చింది, మిగిలిన జర్మన్లను తర్వాత రెండు మూడేళ్లలో పంపించేశారు. అదే ఊళ్లో 2005లో 750 ఏళ్ల ఉత్సవం చేశారు! పుతిన్ వచ్చాడు, జర్మనీ ఛాన్సలర్ ష్రోడర్ కూడా వచ్చాడు. నన్నడిగితే ఆ ఊరి వయసు 1946 నుంచే లెక్కెయ్యాలి. మనుషుల్ని వెళ్లగొట్టి వాళ్ల పూర్వీకుల ఘనత మాదేననడం ఏం న్యాయం?

గుంటూరు మాస్టారు:
బాబూ, ఆ లెక్కన మన గుంటూరు వయసెంత? గుంటూరు సర్కారు (అప్పట్లో జిల్లా లాంటిది) నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు. ఆయన పోయాక 1788లో కంపెనీ చేతికొచ్చింది. తర్వాత మద్రాసు రాష్ట్రం, 1953లో ఆంధ్ర రాష్ట్రం. ప్రభుత్వం మారినప్పుడల్లా ఊరు మళ్లీ పుడుతుందా? పైగా ఆ జర్మన్లు మాత్రం ఖాళీ నేల మీద కట్టారా? అక్కడ అంతకుముందు బాల్టిక్ జాతి ప్రష్యన్లుండేవాళ్లు, వాళ్ల ఊరి పేరు ట్వాంగ్‌స్టే. 18వ శతాబ్దం మొదలయ్యేసరికి వాళ్ల భాష మాట్లాడేవాళ్లే లేకుండా పోయారు. ఊరంటే నేల. దాని మీద ఎవరుంటే వాళ్లదే ఆ చరిత్ర.

కృష్ణలంక అక్క:
మాస్టారూ, జెండా మారడం వేరు, జనం మారడం వేరండీ. 1788లో గుంటూరు వాళ్లను ఎవరూ బళ్లెక్కించి పంపలేదు. అమ్మమ్మ చెప్పిన కథ మనవరాలికి అందుతూనే ఉంది. కోనిగ్స్‌బర్గ్‌లో ఆ దారం తెగిపోయింది.

మనకు సరిపోయే పోలిక గుంటూరు కాదు, అమరావతి. అక్కడి బౌద్ధ స్తూపాన్ని పూజించినవాళ్లు ఎప్పుడో పోయారు. 18వ శతాబ్దం చివరికి ఆ స్తూపం రాతి పలకలు ఊళ్లో కట్టడాలకు పనికొచ్చే రాళ్లే, కొన్నిటిని సున్నానికి కాల్చేశారు కూడా. మిగిలినవాటిలో మేలైనవి లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ చెన్నై ఎగ్మోర్‌లోనూ ఉన్నాయి. అయినా ఆ స్తూపం మాదేనని ఈ రోజు గుండె నిండా అంటాం, అనాలి కూడా. కాకపోతే సున్నం సంగతి దాచకుండా అనాలి.

కాలినిన్‌గ్రాడ్‌నూ అలాగే చూస్తాను. అక్కడ పాత కోట శిథిలాలను 1968 ప్రాంతంలో సోవియట్ వాళ్లే పేల్చేశారు. 1944 బాంబుదాడిలో కాలిపోయిన కేథడ్రల్‌కు మాత్రం 1990ల్లో మళ్లీ పైకప్పు వేశారు. దాని గోడ పక్కనే తత్వవేత్త కాంట్ సమాధి. ఆయన పుట్టింది (1724), పోయింది (1804) ఆ ఊళ్లోనే. పేల్చిందీ వాళ్లే, బాగుచేసిందీ వాళ్లే. వారసత్వం రక్తంతోనే వస్తుందని నేననను, బాగోగులు చూసుకుంటే కూడా వస్తుంది. ఆ గోడలు నిలబెట్టినవాళ్లకు 750 అనే హక్కుంది.

బెజవాడ కుర్రాడు:
అక్కా, మరి 2018 సంగతో? విమానాశ్రయానికి పేరు పెట్టమని ఓటింగ్ పెడితే కాంట్ ముందంజలో ఉన్నాడు. అంతలో ఆయన విగ్రహం మీద రంగు కుమ్మరించారు, పరాయివాడు, ద్రోహి అని కరపత్రాలు చల్లారు. చివరికి గెలిచింది రష్యా మహారాణి ఎలిజబెత్ పేరు. ఆమె సైన్యం ఆ ఊరిని 1758లో పట్టుకుంది, 1762లో వదిలేసింది. పండగకేమో ఏడున్నర శతాబ్దాలు కావాలి, పేరు పెట్టాల్సి వస్తే ఆ నాలుగేళ్ల ఏలుబడే కావాలా?

గుంటూరు మాస్టారు:
రంగు పోసినవాళ్లే ఊరు కాదు బాబూ. కాంట్‌కి ఓటేసినవాళ్లూ ఆ ఊరివాళ్లేగా! 1945 తర్వాత అక్కడ పుట్టి, అక్కడే చదువుకున్నవాళ్లకి చెప్పుకోవడానికి ఇంకో ఊరేది? వాళ్లనేం అంటాం?

కృష్ణలంక అక్క:
వాళ్లను ఒక్క మాటా అనను మాస్టారూ. పండగ చేసుకోమనే చెబుతాను. నేనడిగేది ఆ పండగ బోర్డు మీద 1945 తర్వాత ఊరు విడిచి పోయినవాళ్ల మాట ఉందా అని. ఇంకొకటి, మీరన్నట్టు నేలే ఊరైతే 1255 కూడా గెలిచినవాళ్లు పెట్టిన తేదీయే కదా. ట్వాంగ్‌స్టే వాళ్లను కలుపుకుంటే ఆ ఊరి వయసు 750 దగ్గర ఆగదు.