మ్యూనిక్‌లో టీంతో బీర్ గార్డెన్‌కి వెళ్లాలి, నేను తాగను. ఏం చేయాలి?

మడికొండ కుర్రాడు:
మాది హన్మకొండ. మడికొండ ఐటీ పార్క్‌లో పని చేస్తున్నా. వచ్చే నెల ఆన్‌సైట్ మీద మూడు నెలలు మ్యూనిక్ పోతున్నా. చేరిన మొదటి శుక్రవారం మధ్యాహ్నమే టీం మొత్తం బీర్ గార్డెన్‌కి వెళ్తుందని అక్కడి మేనేజర్ ముందే మెయిల్ పెట్టారు. మా నాన్న తాగుడుతో మా ఇల్లు ఎంత నలిగిందో చూసినవాణ్ని, నేను ముట్టను. బీర్ తాగే చోట తాగకుండా కూర్చుంటే వాళ్లు తప్పుగా అనుకుంటారా? రానని చెప్పేయాలా? ఇదే టెన్షన్.

కాజీపేట అన్న:
తమ్ముడూ, తప్పకుండా వెళ్లు. నేను అక్కడ రెండేళ్లున్నా. మొదటిసారి నాకూ ఇదే భయం. మా టీంలో ఇద్దరు జర్మన్లే తాగలేదు, ఎందుకని ఎవరూ అడగలేదు. ఆప్‌ఫెల్‌షోర్లె అని చెప్పు, ఆపిల్ రసంలో సోడా కలిపి ఇస్తారు. ఆల్కహాల్ లేని గోధుమ బీర్ కూడా ఉంటుంది కానీ, నీ మనసు ఒప్పకపోతే దాని జోలికీ పోకు. అక్కడ బీర్ మగ్గు అంటే లీటరు, దాన్ని మాస్ అంటారు. గ్లాసులు తాకించి ‘ప్రోస్ట్’ అనేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి. నీ చేతిలో ఏ గ్లాసున్నా సరే, అది మాత్రం మరవొద్దు.

నాకు బాగా నచ్చింది వేరే. బీర్ గార్డెన్‌లో తిండి మన ఇంటి నుంచే పట్టుకుపోవచ్చు, తాగేది మాత్రం అక్కడే కొనాలి. 1812లో అక్కడి రాజు, బీర్ తయారుచేసేవాళ్లు బీర్ దాచే తమ సెల్లార్ల (నేలమాళిగల) దగ్గర బీర్ అమ్ముకోవచ్చు గానీ భోజనం అమ్మకూడదని ఆజ్ఞ ఇచ్చాడు. దాంతో జనం తిండి మూట కట్టుకొని రావడం మొదలైంది. పైన కనిపించే చెస్ట్‌నట్ చెట్లు కూడా కింది సెల్లార్లు చల్లగా ఉండాలని వేసినవే. తాటివనానికి పోతూ మనవాళ్లు గుడాలు కట్టుకుపోయినట్టే అనిపించింది నాకు. గుడ్డ పరవని బల్లల మీదే కూర్చో, గుడ్డ ఉన్నవి ఆర్డర్ తీసుకొని వడ్డించేవాళ్లవి.

నేను అమ్మ పంపిన సకినాలు తీసుకెళ్లా. అరవై దగ్గరి వయసున్న మా టెస్టింగ్ ఆయన ఒకటి విరిచి, నువ్వులు చూసి, “ఇది చేత్తో చుట్టిందా?” అని అడిగాడు. పిండి తడి ఎంతుండాలో, వేళ్లతో ఎట్లా మెలితిప్పాలో చెప్పేసరికి గంట దాటింది. ఆఫీసులో ఆయనతో నేను అంతసేపు మాట్లాడింది అదే మొదటిసారి.

జనగామ అక్క:
అన్న చెప్పినట్టే సకినాలు పట్టుకుపో తమ్ముడూ. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చడి మాత్రం పెట్టుకోకు. యూరప్‌లోకి పాల, మాంసం పదార్థాలు రానివ్వరు, ఎయిర్‌పోర్ట్‌లోనే తీసేస్తారు. ఇంకొకటి, సాసేజ్ తినేముందు అడుగు. తెల్లగా ఉండే వైస్‌వుర్స్ట్‌లో దూడ మాంసం, పంది మాంసం రెండూ ఉంటాయి. నేనైతే బ్రెజెన్ అనే మెలితిప్పిన బ్రెడ్ తిని, దానితో ఒబాట్స్‌డా అనే చీజ్ ముద్ద నంజుకునేదాన్ని. అయితే అందులోనూ ఒక్కోసారి కొంచెం బీర్ కలుపుతారు, నువ్వు అడిగి తీసుకో.

మడికొండ కుర్రాడు:
అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. వస్తానని ఇప్పుడే మెయిల్ పెట్టేశా. అమ్మకు చెప్తే ఎంతమందికి చుట్టాలని అడిగింది. మా టీంలో పదకొండు మంది. ఒక్కొక్కరికి మూడు చాలా అన్నా?